ఏది ముందు, ఏది వెనుక?

న్యాయస్థానమున తీర్పెంత ముఖ్యమో, వ్యాజ్యము విచారణకు వచ్చు దినమును అంత ముఖ్యమే. ఇరువదియేండ్లు విచారణకు రాని భూమితగవులో తీర్పు వెలువడకయే ఒక పక్షము గెలుచుచున్నది. స్వాధీనమున నున్నవాడు పంట కోసికొనుచునే యుండును. రెండవవాడు వాయిదాలకు తిరుగుచునే యుండును. మనము తిను ఆహారమునకు సంబంధించిన విచారణలయందును జరుగుచున్నది ఇదియే. ఒక రంగో, ఒక తీపి ద్రవ్యమో హానికరమని ఆహార భద్రతా సంస్థ తీర్పు చెప్పినప్పుడు పత్రికలన్నియు వ్రాయును, ప్రజలు చర్చింతురు. కాని వందలకొలది ద్రవ్యములలో దేనిని ముందుగా పరీక్షింపవలయును, దేనిని పదియేండ్లు వెనుకకు నెట్టవచ్చును అను నిర్ణయము ఎవరి చెవిని పడకుండ జరిగిపోవుచున్నది. పరీక్షకు రాని ద్రవ్యము నిర్దోషియని తేలినది కాదు. అయినను నిర్దోషివలెనే మన పిల్లల నోటికి చేరుచున్నది. కావున వరుస నిర్ణయించుటయు తీర్పు చెప్పుట వంటిదే యనియు, ఆ వరుసకు గల కారణములను అడుగు హక్కు తినువారికి గలదనియు మా అభిప్రాయము.

ఈ విషయమును తెలిసికొనుటకు ఐరోపాఖండపు అనుభవము మిక్కిలి ఉపకరించును. ఆవులకు వచ్చు 'పిచ్చిఆవు' వ్యాధికిని, మనుష్యులకు వచ్చు ఒక ప్రాణాంతకమైన మెదడు వ్యాధికిని సంబంధ ముండవచ్చునని 1996లో బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించెను. 1999లో బెల్జియము దేశమున పశువుల మేతలో డయాక్సిన్ అను విషము కలిసినట్లు బయటపడెను. ప్రభుత్వముల మాటపై ప్రజలకు నమ్మకము సడలిపోయెను. ఆ నమ్మకమును మరల నిలువబెట్టుటకై 2002లో చేసిన శాసనముచే యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ ఏర్పడినది. ఇటలీదేశమందలి పార్మా పట్టణము దానికి స్థానము. ఈ సంస్థకు దేనినైనను నిషేధించు అధికారము లేదు. దాని నిపుణులు సాక్ష్యమును పరిశీలించి అభిప్రాయము చెప్పుదురు; అనుమతియో నిషేధమో నిర్ణయించుట యూరోపియన్ కమిషనుకును సభ్యరాజ్యములకును చెందిన పని. శాస్త్రపరీక్ష ఒకరిచేతను, పరిపాలన మరొకరిచేతను నుండవలయు నను ఈ ఏర్పాటు మెచ్చదగినదే.

అయితే ఈ సంస్థకు పని రెండు ద్వారములనుండి వచ్చుచుండును. మొదటి ద్వారమున వర్తకుడు నిలిచియుండును. ఆహారములో కలుపు క్రొత్త ద్రవ్యము నెద్దానినైనను అమ్మదలచినవాడు దరఖాస్తు పెట్టుకొనవలయును. దరఖాస్తు సక్రమముగ నున్నచో 9 నెలలలోపల సంస్థ తన అభిప్రాయము చెప్పవలయునని 2008 నాటి శాసనము విధించుచున్నది. అదనపు వివరములు కోరినప్పుడు కాలము పొడిగింపబడును గాని, గడువనునది మాత్రము గలదు. గడువు దాటినచో అడుగుటకు దరఖాస్తుదారుడు గలడు. రెండవ ద్వారమున నిలుచువాడు లేడు. ఎన్నడో అనుమతి పొంది, దశాబ్దములుగ అంగళ్లలో అమ్ముడుపోవుచున్న పాత ద్రవ్యములు ఆ ద్వారము వెనుక గుట్టపడియుండును. వానిని మరల పరీక్షింపుడని వర్తకుడు కోరడు. కోరుటవలన అతనికి ఖర్చేగాని లాభము లేదు. తినువానికా, ఆ ద్రవ్యముల పేరులే తెలియవు. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదను సామెత ఇచ్చట అక్షరాల నిజమగుచున్నది.

ఈ అసమానత ఎంతవరకు పోగలదో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును. 'ఇది గుండెకు మంచిది', 'ఇది ఎముకలకు బలము' అని పెట్టెలపై అచ్చువేయు మాటలకు శాస్త్రాధారము చూపవలయునని 2006లో ఐరోపావారు శాసనము చేసిరి. సభ్యరాజ్యములనుండి సుమారు 44,000 ప్రకటనలు వచ్చిపడెను. ఒకే విధమైనవానిని కలిపి కమిషను ఆ సంఖ్యను 4,637కు కుదించెను. 2011వ సంవత్సరమునాటికి సంస్థ అందులో 2,758 ప్రకటనలను పరిశీలించి ముగించెను; 331 ఉపసంహరింపబడెను; మూలికలకు సంబంధించిన 1,548 ప్రక్కన పెట్టబడెను. తుదకు 2012లో అనుమతి పొందినవి 222 మాత్రమే. గొప్పలు చెప్పుకొను వర్తకుల నోరు మూయించుట మంచిపనియే యని మేమును ఒప్పుకొందుము. పరీక్షించిన నిపుణసంఘములును వేరువేరు. కాని సంస్థకు ధనమును సిబ్బందియు ఒక్క బొక్కసమునుండియే రావలయును గదా! పెట్టెమీది మాటను పరీక్షించుటకు ఇంతటి శ్రమ జరుగుచుండగా, పెట్టెలోని వస్తువు తన వంతుకై వేచియుండినది.

ఐరోపావారు ఈ లోటును గుర్తింపకపోలేదు. 2009 జనవరి 20వ తేదీకి పూర్వము అనుమతి పొందిన కలుపు ద్రవ్యములన్నిటిని మరల పరీక్షింపవలయునని 2010లో ఒక నిబంధన చేసిరి. అట్టివి 315. పని యంతయు 2020 డిసెంబరు 31లోపల ముగియవలెనని గడువు పెట్టిరి. ఇన్నిటిని ఒక్కసారి పరీక్షించుట అసాధ్యము గనుక వరుసను నిర్ణయించుటకు కొన్ని ప్రమాణముల నేర్పరచిరి. ఒక ద్రవ్యమును కడపట పరీక్షించి యెంతకాలమైనది? దానిగూర్చి క్రొత్తసాక్ష్య మేమైన వచ్చినదా? అది ఎన్ని ఆహారములలో ఎంతగా వాడబడుచున్నది? మనుష్యుని శరీరములోనికి దినమునకెంత చేరుచున్నది? ఈ ప్రశ్నలనుబట్టి రంగులు మొదట వచ్చినవి. వాని పరీక్షలు అన్నిటికంటె పాతవి. కృత్రిమపు తీపి ద్రవ్యములు కడపట నిలిచినవి. వానిలో పెక్కింటిని అంతకు కొంతకాలము క్రిందటనే పరిశీలించియుండిరి. వర్తకుడు కోరిన వివరములను గడువులోపల ఈయకున్నచో ఆ ద్రవ్యము పేరును అనుమతుల పట్టికనుండి తొలగింపవచ్చు నను నియమమును చేర్చిరి. ఈ కడపటి నియమము మా దృష్టిలో చాల విలువైనది. సాక్ష్యము తేనివానికి ఆలస్యమువలన లాభము కలుగరాదు.

పాతవానిని ముందు చూడవలెనను ఈ సూత్రము వట్టిది కాదని అనుభవము చూపినది. 2010 నాటి నిబంధనకు పూర్వమే సంస్థ రంగుల పునఃపరీక్షను ఆరంభించియుండెను. రెడ్ 2జి అను ఎఱ్ఱరంగు బ్రిటిషు దేశమున కొన్ని మాంసపు వంటకములకు వాడబడుచుండెను. 2007లో దానిని పరిశీలించిన నిపుణులు అది శరీరములో అనిలిన్ అను ద్రవ్యముగా మారుచున్నదనియు, దానికి నిరపాయకరమైన పరిమితి నిర్ణయించుటకు వీలులేదనియు చెప్పిరి. ఆ సంవత్సరముననే దాని వాడుక నిలిపివేయబడెను. ఇన్నియేండ్లు ఆ రంగు అమ్ముడుపోయినది నిర్దోషియై కాదు, ఎవరును మరల అడుగకపోవుటచేతనే.

రంగుల విచారణలో మరియొక పాఠము గలదు. ఆరు కృత్రిమవర్ణములకును పిల్లల చాపల్యమునకును సంబంధ ముండవచ్చునని 2007లో ఇంగ్లాండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. ఆ సాక్ష్యము పరిమితమైనదనియు, దానిపై మాత్రమే ఆధారపడి పరిమితులను మార్చజాలమనియు పార్మా నిపుణులు మరుసటి సంవత్సరమున చెప్పిరి. అయినను ఆ రంగుల పునఃపరీక్ష వెంటనే జరిగినది. 2009లో పాన్సో 4ఆర్ అను ఎఱ్ఱరంగు పరిమితిని, శరీరపు బరువులో కిలోగ్రామునకు దినమునకు 4 మిల్లీగ్రాములనుండి 0.7కు తగ్గించిరి. సన్‌సెట్ ఎల్లో అను నారింజరంగు పరిమితిని 2.5 నుండి 1కి తగ్గించి, క్రొత్తసాక్ష్యము వచ్చినమీదట 2014లో 4కు పెంచిరి. పరీక్ష యనగా నిషేధమని భయపడు వర్తకులును, పరీక్ష యనగా కంటితుడుపని అనుమానించు ప్రజలును దీనిని గమనింపవలెను. నిజమైన పరీక్షవలన పరిమితి తగ్గనువచ్చును, పెరుగనువచ్చును.

ఇక టైటానియం డయాక్సైడు కథ. మిఠాయిలకును చూయింగుగమ్ములకును తెల్లని నిగనిగ తెచ్చుటకై దీనిని వాడుచుండిరి. ఐరోపా పట్టికలో దీని గుర్తు ఇ 171. దీనివలన ఆహారమునకు రుచియు లేదు, బలమును లేదు; కంటికి ఇంపు మాత్రమే. 2016లో దీనిని పరిశీలించినప్పుడు గట్టి ఆక్షేపణ కనబడలేదు గాని, కొన్ని విషయములలో వివరములు చాలవని నిపుణులు చెప్పిరి. ఫ్రెంచి ప్రభుత్వము వేచియుండక 2020 జనవరినుండి తన దేశమున దాని వాడుకను ఆపివేసెను. 2021 మేనెలలో పార్మా సంస్థ, జీవకణములలోని జన్యుపదార్థమునకు దీనివలన హాని కలుగదని చెప్పజాలమనియు, కావున దీనినిక సురక్షితమని యెంచరాదనియు అభిప్రాయమిచ్చెను. 2022లో యూరోపియన్ కమిషను సభ్యరాజ్యము లన్నిటను నిషేధము వచ్చెను. ప్రపంచారోగ్యసంస్థయు ఆహార వ్యవసాయ సంస్థయు కలిసి నియమించిన నిపుణసంఘము మాత్రము 2023లో దీనిని పరిశీలించి అట్టి నిర్ణయమునకు రాలేదు. పండితులు ఏకాభిప్రాయమునకు రానిచోట సామాన్యుడు తీర్పు చెప్పజాలడు. కాని ఒక మాట మాత్రము సామాన్యుడును చెప్పగలడు. నిగనిగకు తప్ప మరి దేనికిని అక్కరకురాని వస్తువు, విస్తారముగ, అందులోను పిల్లలచే తినబడుచున్నప్పుడు, దానిని పరీక్షల వరుసలో వెనుకకు నెట్టరాదు.

ప్రజల అలజడినిబట్టి వరుసను మార్చుట మంచిదా? ఇందుకు ఆస్పర్టేమ్ అను కృత్రిమపు తీపి ద్రవ్యము ఉదాహరణము. దీని వంతు 2020లో రావలసియుండెను. అనుమానములు ప్రబలుటచే 2011లో కమిషను దీనిని ముందుకు జరుపుమని కోరెను. 2013 డిసెంబరులో నిపుణులు తమ అభిప్రాయమును ప్రకటించిరి. కిలోగ్రామునకు దినమునకు 40 మిల్లీగ్రాములను పాతపరిమితియే తగినదని తేలెను. కోలాహలమున్నచోటనే అపాయమున్నదని చెప్పజాలమని దీనివలన తెలియుచున్నది. నిపుణులు పరిమితమైనవారు, ఒకదానిని ముందుకు జరిపినచో మరియొకటి వెనుకకు పోవును. 315 ద్రవ్యముల పని 2020 డిసెంబరునాటికి ముగియనేలేదు. సాకరిన్‌పై అభిప్రాయము 2024లోగాని వెలువడలేదు. ఆస్పర్టేమును ముందుకు జరుపుట తప్పని మేమనము. ప్రజలకు నమ్మకము కలిగించుటయు సంస్థకు విధియే. కాని ముందుకు జరిపినప్పుడు ఏది వెనుకకు పోయినదో కూడ ప్రజలకు చెప్పవలయును.

వరుసయే లేనిచోట ఏమగునో అమెరికా సంయుక్త రాష్ట్రములను చూచి తెలిసికొనవచ్చును. షోడాలలో రుచిద్రవ్యము తేలిపోకుండ చేయుటకై బ్రోమిను చేర్చిన నూనెను వాడుచుండిరి. ఆ దేశపు ఆహార ఔషధ సంస్థ 1970లో దీనిని నిరపాయకరమైన వస్తువుల పట్టికనుండి తొలగించి, తాత్కాలికముగ స్వల్పప్రమాణమున వాడుకొనవచ్చునని అనుమతించెను. జంతువులపై జరిపిన పరీక్షలలో థైరాయిడు గ్రంథికి హాని కనబడుటచే ఆ అనుమతిని రద్దుచేసినది 2024లో. ఆ తాత్కాలికము 54 సంవత్సరములు సాగినది! ఎరిత్రోసిన్ అను ఎఱ్ఱరంగును అదే సంస్థ 1990లో ముఖమునకు పూసికొను రంగులనుండి తొలగించెను. ఎలుకలలో కాన్సరు కనబడుటయే కారణము. ఆహారములోనుండి తొలగించుట మాత్రము 2025 జనవరిలో జరిగినది. అదియును 2022లో ప్రజాసంఘములు అర్జీ పెట్టుకొన్న తరువాతనే. ఆహారతయారీదారులకు 2027 జనవరివరకు గడువిచ్చిరి. ఎలుకలలో జరిగినట్లు మనుష్యులలో జరుగదని ఆ సంస్థయే చెప్పుచున్నది. కాన్సరు కలిగించు ద్రవ్యము నెద్దానిని అనుమతింపరాదను 1960 నాటి శాసనము తన చేతులను కట్టివేసిన దనియు చెప్పుచున్నది. ఆ మాట యథార్థమే కావచ్చును. అట్లయినచో శాసనము చేతులు కట్టినది 1990లోనా, 2025లోనా? పెదవులకు పూయరాదన్న రంగు 35 సంవత్సరములు కడుపులోనికి పోవుచుండినది. అపాయమెంత యను ప్రశ్నకంటె, ఆ ప్రశ్న వరుసలో ఎందుకు నిలువలేదను ప్రశ్న మాకు పెద్దదిగ తోచుచున్నది.

ఆ సంస్థకును ఇప్పుడు కనువిప్పు కలిగినట్లున్నది. అంగళ్లలో నున్న ద్రవ్యములకు మార్కులు వేసి, ఎక్కువ మార్కులు వచ్చినవానిని ముందు పరీక్షించు పద్ధతి నొకదానిని 2025లో ప్రతిపాదించి ప్రజాభిప్రాయమును కోరెను. విషగుణమెంత, తినువారి మోతాదు పెరుగుచున్నదా, పిల్లలవంటి బలహీనులకు ప్రత్యేకముగ తగులుచున్నదా, క్రొత్తసాక్ష్యము గలదా యను ఆరోగ్యవిషయములు ఒకప్రక్క. ప్రజల ఆందోళనయు, ఇతరప్రభుత్వముల నిర్ణయములును మరియొకప్రక్క నుంచి లెక్కింతురట. ఆరోగ్యమును ఆందోళనను కలగాపులగము చేయక వేరువేరుగ తూచుట సరియైన మార్గము.

మా వాదమునకు ఆక్షేపణలు లేకపోలేదు. క్రొత్తవస్తువుల దరఖాస్తులను వేచియుంచినచో పరిశ్రమలు కుంటుపడుననియు, క్రొత్తది పాతదానికంటె సురక్షితమైనది కావచ్చుననియు కొందరందురు. ఇది నిజమే. నిజాయితీగల తయారీదారుని ఏండ్లతరబడి గుమ్మమున నిలుపుట అన్యాయము. అతని గడువును తీసివేయుమని మేము కోరుటలేదు. అతనికి గడువున్నట్లే తినువానికిని గడువుండవలెనని మాత్రమే కోరుచున్నాము. సంస్థయొక్క శ్రమలో కొంతభాగము అర్జీదారులు లేని పాత ద్రవ్యములకై విడిగ కేటాయింపబడవలయును. దరఖాస్తుల రద్దీ ఎంత హెచ్చినను ఆ భాగమును ముట్టరాదు. వరుసను బయటపెట్టినచో వర్తకుల ఒత్తిడి పెరుగునని మరికొందరందురు. వరుస రహస్యముగ నున్నప్పుడు ఒత్తిడి లేదని వారికెవరు చెప్పిరి? గదిలోని ఒత్తిడి గదిలోనివారికే తెలియును. వీథిలోని ఒత్తిడి అందరికిని కనబడును.

ఇక మన దేశపు సంగతి చూతము. 1954 నాటి ఆహారకల్తీ నిషేధ శాసనమునకు మారుగ 2006లో ఆహార భద్రతా ప్రమాణముల శాసనము వచ్చెను. 2008లో భారత ఆహార భద్రతా ప్రమాణముల ప్రాధికార సంస్థ ఏర్పడెను. శాస్త్రజ్ఞుల సంఘములును నిపుణుల మండలులును శాసనములోనే గలవు. కాగితముపై ఐరోపా ఏర్పాటునకు మనది తీసిపోదు. కాని వరుస విషయమున మన అనుభవమెట్లున్నది? ఉత్పత్తులకు ముందుగ అనుమతి పొందవలెనని 2013లో ఈ సంస్థ ఒక సలహాపత్రమును జారీచేసి వర్తకులచే దరఖాస్తులు పెట్టించెను. ఆ పత్రమునకు శాసనబలము లేదని బొంబాయి హైకోర్టు 2014లో చెప్పగా, 2015లో సుప్రీంకోర్టు దానినే స్థిరపరచెను. ఆ పద్ధతి అంతటితో ముగిసెను. మొదటి ద్వారమునొద్ద జరిగిన ఈ పెనుగులాటలో శ్రమయంతయు వ్యర్థమైనది.

రెండవ ద్వారము వెనుక అప్పుడేమున్నది? రొట్టె పొంగి మెత్తగ వచ్చుటకై మైదాలో కలుపు పొటాసియం బ్రోమేటు ఉన్నది. అంతర్జాతీయ నిపుణసంఘము దీనిని పిండిలో వాడుట తగదని 1992లోనే చెప్పెను. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధనాసంస్థ 1999లో దీనిని మనుష్యులకు కాన్సరు కలిగింపగలవాని వర్గములో చేర్చెను. మన దేశమున అనుమతి కొనసాగుచునే యుండెను. 2016 మేనెలలో ఢిల్లీలోని శాస్త్ర పర్యావరణ కేంద్రమను ప్రజాసంస్థ అచ్చటి అంగళ్లనుండి 38 రకముల రొట్టెలను బన్నులను తెచ్చి పరీక్షింపగా, నూటికి 84 వంతులలో బ్రోమేటో అయోడేటో కనబడెను. పత్రికలలో గగ్గోలు పుట్టెను. మరుసటి నెలలోనే బ్రోమేటుపై నిషేధము వచ్చెను. ఒక్క నెలలో చేయగలిగిన పని అంతకుముందు ఏల జరుగలేదు? సాక్ష్యము లేక కాదు, ఆ ద్రవ్యమును వరుసలో నిలుపువారు లేక. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొను ఈ పద్ధతి స్వతంత్రదేశమునకు తగినది కాదు.

పరదేశముల వరుసను మనము తెచ్చిపెట్టుకొన్నచో చాలునని యెవరైన తలచినచో, వారు హైదరాబాదునకు వచ్చి చూడవలెను. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగ పుట్టి, 1958లో హైదరాబాదునకు మారిన జాతీయ పోషకాహార సంస్థ మన తెలుగుదేశమునకు గర్వకారణము. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు హైదరాబాదులోని పిల్లలు ఆహారముద్వారా ఎంత కృత్రిమవర్ణమును తినుచున్నారో లెక్కించి 2004లో ప్రకటించిరి. శాసనము అనుమతించిన ఎనిమిది రంగులలో ఆరు వారి ఆహారములో కనబడెను. టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, ఎరిత్రోసిన్ అను మూడింటి విషయమున కొందరు పిల్లలు దినపరిమితిని మించి తినుచుండిరి. ఆహారములో కిలోగ్రామునకు 100 మిల్లీగ్రాములకు మించరాదను నియమమును తయారీదారులు పాటింపకపోవుటయే ముఖ్యకారణమని వారు చెప్పిరి.

ఈ పరిశోధనయొక్క విలువ గమనింపుడు. ఐరోపావారి పరిమితి ఐరోపావారు తిను సంచులనుబట్టియు సీసాలనుబట్టియు లెక్కింపబడిన అంచనాలతో సరిచూడబడుచున్నది. మన పిల్లవాడు తినునది సంచిలోని మిఠాయి మాత్రమే కాదు. బడిముందు బండిమీది ఐసు, జాతరలోని జిలేబీ, పెండ్లివిందులోని రంగులడ్డు, పేరులేని దుకాణమున కట్టియిచ్చు కారపుపొట్లము గలవు. వీనిలో ఏ రంగు ఎంత పడినదో చెప్పు అట్టమీది వ్రాత లేదు. అమెరికావారు 35 ఏండ్లకు తొలగించిన ఎరిత్రోసినే హైదరాబాదు పిల్లలలో పరిమితి దాటిన మూడింటిలో ఒకటి. సౌతాంప్టనువారు అనుమానించిన ఆరు రంగులలో నాలుగు మన ఎనిమిదింటిలో గలవు. కావున మన వరుస మన విస్తరినిబట్టి నిర్ణయింపబడవలయును. విషగుణమును గూర్చిన శాస్త్రము ఏ దేశముది యైనను మనకు పనికివచ్చును. ఎంత తినుచున్నామను లెక్క మాత్రము మనమే వేసికొనవలెను. ఇది స్వాభిమానమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు, కూడికలు తీసివేతలకు సంబంధించిన మాట.

ఇందుకు మా కోరికలు ఇవి. మన ప్రాధికార సంస్థ రాబోవు సంవత్సరములలో ఏ ద్రవ్యములను మరల పరీక్షింపనున్నదో ఒక పట్టికను సిద్ధపరచి, ప్రతి పేరునకెదురుగ అది ఆ స్థానమున నుండుటకు కారణమును వ్రాసి, దేశభాషలలో ప్రకటింపవలెను. పార్మా సంస్థ తనకు వచ్చిన ప్రశ్నల పట్టికను ప్రజలకు తెరచియే యుంచినది, మనకు అసాధ్యమేమి? రెండవది, వరుస నిర్ణయించునప్పుడు పిల్లలు తిను మోతాదునకు పెద్దపీట వేయవలెను. మూడవది, తాత్కాలికమని యిచ్చిన ప్రతి అనుమతికిని ముగియు తేదీ యుండవలెను. ఆ తేదీలోపల సాక్ష్యము రాకున్నచో అనుమతి దానంతటదే పోవలెను. నాలుగవది, హైదరాబాదున 2004లో ప్రకటింపబడినట్టి మోతాదు లెక్కలు ప్రతి రాష్ట్రమునను, పట్టణములలోను పల్లెలలోను, నియమితకాలమునకొకసారి జరుగవలెను. తినునదెంతయో తెలియక వరుస నిర్ణయించుట, రోగిని చూడకయే మందు వ్రాయుట వంటిది.

ఈ కోరికలు ఢిల్లీవారికి మాత్రమే చెప్పి ఊరకుండుటవలన ప్రయోజనము లేదు. రెండవ ద్వారమున నిలుచువారు లేరని పైన చెప్పితిమి. ఆ ద్వారమున నిలువవలసినవారము మనమే. పట్టణములలోని పఠనమందిరములును, వినియోగదారుల సంఘములును, ఉపాధ్యాయులును తలచుకొన్నచో కష్టమైన పని కాదు. ఒక్కొక్క పఠనమందిరము ఒక్క ద్రవ్యమును ఎన్నుకొని, దీనిని కడపట ఎప్పుడు పరీక్షించితిరి, మరల ఎప్పుడు పరీక్షింతురు అని సమాచారహక్కు శాసనము క్రింద ఒక్క అర్జీ పెట్టవచ్చును. 2005 నుండి ఆ హక్కు మనకు గలదు. జవాబు వచ్చినచో అది గోడకంటించి పదిమందిచే చదివింపవలెను. జవాబు రాకున్నను, లెక్క తమవద్ద లేదని జవాబు వచ్చినను, ఆ సంగతియే పదిమందికి తెలియవలెను.

వర్తకునికి న్యాయవాదులు గలరు, గుమాస్తాలు గలరు, గడువులు గలవు. బడిముందు ఐసు చీకు పిల్లవానికి ఇవియేవియు లేవు. ప్రజాధనముతో నడుచు సంస్థ ఎవరి పక్షమున ముందుగ లేచి నిలువవలయునో చెప్పుటకు పెద్ద శాస్త్రజ్ఞానము అక్కరలేదు. అడుగగలవానికి జవాబు చెప్పుట పరిపాలన. అడుగలేనివాని వంతును గుర్తుంచుకొనుట ధర్మము. ఆ ధర్మమును మన సంస్థ నెరవేర్చుచున్నదో లేదో దాని తీర్పులలో మాత్రమే చూచిన చాలదు. దాని వరుసను తెప్పించుకొని చూతము.